మాణిక్యమ్మ లాలిపాటా, పెట్టెలో దూరిన మోతా

ఇలా దగ్గరికి రావే శశీ. దుప్పటి సరిగ్గా కప్పుకో. ఆ కాళ్ళు నా మీద వెయ్యకు, నడుం ఇప్పటికే చచ్చిపోయి ఉంది. నువ్వు ఊఁ కొడితేనే చెబుతాను. నువ్వు మానేస్తే నేనూ మానేస్తాను, సరేనా?

అనగనగా, రాజుల కాలం కాదులే, ఇంటింటికీ కరెంటు వచ్చేసిన కాలంలోనే, ఒక ఊళ్ళో చలమయ్య తాత, మాణిక్యమ్మ అని మొగుడూ పెళ్ళాం ఉండేవారు. తాత నాటకాల్లో హార్మోనియం వాయించేవాడు. మాణిక్యమ్మ యశోద వేషం కట్టి పాడేది. ఆవిడ గొంతెత్తిందంటే ఎక్కడివాళ్ళక్కడ కూలబడిపోయి వినేవారు.

అప్పుడు ఏమైందీ, మాణిక్యమ్మకి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, దాంతోపాటే గొంతూ పోయింది. పాపం, మాట కూడా పెగిలేది కాదు. ఏం చెప్పాలన్నా పలక మీద బలపంతో రాసి చూపించేది.

ఆ తర్వాత తాత చెవులు మొరాయించడం మొదలెట్టాయి. ముందు పిచ్చుకల అరుపు వినపడ్డం మానేసింది. తర్వాత మాటలు మానేశాయి, దగ్గరికొచ్చి అరిస్తే తప్ప. పట్నంలో డాక్టరు చూసి, "నరం ఎండిపోతోంది తాతగారూ. చెవి మిషన్ పెట్టినా లాభం లేదు. ఉగాది దాటితే ఇంకేమీ వినపడకపోవచ్చు" అన్నాడు. ఉగాదికి గట్టిగా మూడు నెలలు లేదు.

అప్పుడు తాతకి ఒకటే కోరిక పుట్టింది. ఏనాడో మాణిక్యమ్మ ఎవరింట్లోనో బారసాలకి వెళ్ళి, ఉయ్యాల దగ్గర కూర్చుని, హార్మోనియం లేకుండా, లాలిపాట పాడింది. ఆ ఇంటివాళ్ళు దాన్ని క్యాసెట్టులో పట్టి, ఈవిడకీ ఒకటి ఇచ్చారు. ఆ రోజు తాత అక్కడ లేడు. ముప్పై ఏళ్ళూ హార్మోనియం వాయిస్తూ ఆవిడ పాట విన్నాడే తప్ప, ఆవిడ ఉత్త గొంతు ఒక్కసారీ వినలేదుట! "చెవులు పూర్తిగా పోయేలోపు ఆ ఒక్క పాట వినాలే మాణిక్యం" అన్నాడు. ఆవిడ పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది.

రేడియోలు బాగుచేసే బాజీ అని ఒకతను ఉండేవాడు. తాత అతని దగ్గర క్యాసెట్టు వేసే టేపు డెక్కూ, ఒక ఆంప్లిఫయరూ, రెండు స్పీకరు పెట్టెలూ తెచ్చాడు. ఆంప్లిఫయరంటే ఏం లేదే, సన్నటి చప్పుడు తీసుకుని పెద్దది చేసి స్పీకర్లకిచ్చే పెట్టె. బాజీ కొట్లో పెట్టి చూపించాడు. గంటలా పలికింది.

కానీ మన తాతకి వాస్తు పిచ్చి ఒకటుంది. చెంబు పెట్టాలన్నా మూల చూసే పెడతాడు. "ఆంప్లిఫయరు వేడెక్కుతుంది, అది అగ్ని, కాబట్టి ఆగ్నేయంలో ఉండాలి. టేపులో ఉన్నది పాట, అది సరస్వతి, ఈశాన్యంలో ఉండాలి" అన్నాడు. ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల. మధ్యలో గోడ వెంబడి బారెడు వైరు. ఇంకేం చేస్తుంది మాణిక్యమ్మ? తల పట్టుకుంది.

అప్పుడు స్విచ్చి వేశాడు. గుంయ్... ఒకటే మోత! తుమ్మెదని డబ్బాలో వేసి మూత పెట్టినట్టు. ఆ మోత వెనకాల ఎక్కడో సన్నగా మాణిక్యమ్మ పాట. తాత చెవులకి ఆ బండ మోత బ్రహ్మాండంగా వినపడుతోంది, పాటే వినపడ్డం లేదు. ఎంత అన్యాయమో చూడు!

తాత వెళ్ళి బాజీనడిగాడు. "వైరు పాతదయ్యుంటుంది బాబాయిగారూ" అని బాజీ కొత్త వైరిచ్చాడు. అది వేశారు. గుంయ్!

ఆ తర్వాత తాతకి పెరట్లో ఎర్తు గొయ్యి గుర్తొచ్చింది. అదే, బొగ్గూ ఉప్పూ పోసి కప్పెడతారు చూడు, ఎక్కడైనా కరెంటు దారి తప్పితే మనల్ని పట్టుకోకుండా మట్టిలోకి దిగిపోవడానికి. ఎండాకాలం దాంట్లో నీళ్ళు పొయ్యడం మామూలే కదా, తాత బిందెడు ఉప్పునీళ్ళు పోశాడు. అయినా గుంయ్!

ఆ తర్వాత టీ కొట్టు దగ్గర ఎవడో తెలివైనవాడు, "ప్లగ్గుకి పైనున్న లావుపాటి పిన్ను పీకెయ్యండి, దెబ్బకి నోరు మూసుకుంటుంది" అన్నాడు. తాత ఇంటికొచ్చి ఆంప్లిఫయరు ప్లగ్గు పిన్ను పీకేశాడు. మోత ఆగిపోయింది! తాత సంబరం చూడాలి. ఇంతలో మాణిక్యమ్మ వైరు ఊడదీసి, ఆంప్లిఫయరు దుమ్ము తుడుద్దామని చెయ్యి పెట్టింది. జివ్వుమని షాకు కొట్టింది! అంత దూరాన పడింది పిచ్చితల్లి. అరుద్దామన్నా గొంతు లేదు.

బాజీకి ఒళ్ళు మండిపోయింది. "దారి తప్పిన కరెంటుని ఎర్తు గోతిలోకి పంపి ప్రాణం కాపాడేది ఆ పిన్నే బాబాయిగారూ! మోత పోతే పోతుంది, మనిషి పోతే ఏం చేస్తారు?" అని కేకలేసి కొత్త ప్లగ్గు బిగించాడు. మోత మళ్ళీ వచ్చి కూర్చుంది. నువ్వెప్పుడూ అలాంటి పని చెయ్యకు శశీ, చేశావంటే వీపు చీరేస్తాను.

తాత డీలా పడిపోయాడు. "నా రాత ఇంతేనే. వద్దులే, తీసి లోపల పెట్టించు" అన్నాడు. ఉగాదికి ఇంక పది రోజులే ఉంది.

మాణిక్యమ్మకి మాత్రం పట్టుదల వచ్చింది. మర్నాడు పొద్దున్నే పైట బిగించి కూర్చుంది. ముందు వైరు తీసేసి ఆంప్లిఫయరు ఒక్కటీ వేసింది, కిక్కురుమనలేదు. అప్పుడు టేపు ఒక్కటీ వేసి, దానికి హెడ్‌ఫోన్లు తగిలించి చెవులకి పెట్టుకుని విన్నది, పాట శుభ్రంగా ఉంది, కాకపోతే తాత చెవులకి ఆనేంత గట్టిగా లేదు. ఆ తర్వాత రెంటినీ కలిపింది. గుంయ్! వెంటనే పలక పట్టుకుని గబగబా బాజీ కొట్టుకి నడిచింది. "విడిగా రెండూ బాగున్నాయి. కలిస్తేనే గోల. మీ కొట్లో ఈ మోత ఎందుకు రాలేదు?" అని రాసి చూపించింది.

బాజీ బుర్ర గోక్కున్నాడు. "ఇక్కడ రెంటికీ ఒకటే బోర్డు కదా పిన్నిగారూ. మీ ఇంట్లో ఎలా పెట్టారేంటి?" అన్నాడు. ఆవిడ రెండు మూలలూ, వాటి లైన్లూ, గోతులూ గీసి చూపించింది. ఈశాన్యం మూల ప్లగ్గు బోరు మోటారు లైనుది, దానికి వేరే ఎర్తు గొయ్యి ఉంది. ఆగ్నేయం మూలది పాత గొయ్యి. బాజీ నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో నా మతి మండా! రెండు గోతులున్నాయా? ఒక గోతిలోంచి వచ్చిన కరెంటు మీ పాట వైరు పట్టుకుని ఇంకో గోతిలోకి పోతోంది పిన్నిగారూ. ఆ నడకే మోత!"

ఇంకేముంది, మాణిక్యమ్మ ఇంటికొచ్చి టేపు డెక్కు ఎత్తి ఆగ్నేయం మూలకి పట్టుకుపోబోయింది. తాత అడ్డం పడ్డాడు. "అగ్ని మూల సరస్వతిని పెడతావుటే! ఇంటికి అరిష్టం!" అన్నాడు. ఆవిడ డెక్కు కింద పెట్టింది. పలక తీసి, బలపం విరిగేలా రాసింది: "మూల కావాలా, నా పాట కావాలా?"

తాత ఆ పలక చదివాడు. వంగి డెక్కుకి రెండోవైపు చెయ్యి వేశాడు.

రెండు ప్లగ్గులూ ఒకే బోర్డులో పెట్టారు. స్విచ్చి వేశారు. మోత లేదు. అప్పుడు మాణిక్యమ్మ పాట వచ్చింది, పక్కన కూర్చుని పాడినట్టు. తాత స్పీకరు పక్కన చెవి ఆనించి, ముసలాడు కదా, వెక్కి వెక్కి ఏడిచాడు. "ముప్పై ఏళ్ళూ నా హార్మోనియం పెట్టె మోగించి నీ గొంతు కప్పేశానే" అన్నాడు. ఆ పది రోజులూ పూటకి మూడుసార్లు విన్నాడు.

ఉగాది వెళ్ళింది. డాక్టరు చెప్పినట్టే తాతకి ఏమీ వినపడ్డం మానేసింది. సాయంత్రం స్పీకరు ముందు ఊరికే కూర్చునేవాడు. మాణిక్యమ్మకి చూడబుద్ధి కాలేదు. ఒకరోజు పాట వేసి, ఆయన చెయ్యి తీసుకుని స్పీకరు పెట్టె మీద పెట్టింది.

పెట్టె సన్నగా వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది. తాత కళ్ళు మూసుకుని అరచెయ్యి ఇంకాస్త ఆనించాడు. ఆ తర్వాత మొహం వెలిగిపోయింది.

"ఇదిగో, ఇక్కడ ఊపిరి తీసుకున్నావు మాణిక్యం" అన్నాడు.

నిద్రొచ్చేసిందా? అయితే పడుకో నా తల్లి.

కథ నడిచింది కంచికి,
కాళ్ళు చాపు మంచానికి,
పిట్ట చేరింది గూటికి,
నిద్ర వచ్చె నీ కంటికి.