నల్లబిందె నీళ్లు

అనగా అనగా, ఏడాదంతా చలి వదలని మంచుకోన అనే కొండరాజ్యం. అక్కడ ఏ ఇంటి గిన్నెలు ఎంత తళతళలాడితే ఆ ఇంటికి అంత పరువు. అందరికంటే పరువైన ఇల్లు పేరిందేవిది. ఆమె తోమిన సత్తు బిందెలో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు.

ఒకనాడు రాజుగారు దండోరా వేయించారు: "అడవి పలచబడింది. నెల రోజులు ఎవరూ కట్టె కొట్టరాదు!"

ఇంట్లో మిగిలిన కట్టెలు గంజికే చాలవు. పేరిందేవి మూడు నెలల మనవరాలికి చన్నీళ్లు పోయగానే దాని పెదవులు నీలంగా మారాయి. ఏడవడానికి కూడా దానికి ఊపిరి చాలలేదు.

మర్నాడు పొద్దున్నే కోడలు వరాలు దీపం మసిని ఆముదంలో కలిపింది. బిందెకూ మూతకూ పైనంతా పూసి, నీళ్లు నింపి, గాలి తగలని గోడ వార పెట్టింది.

పేరిందేవి నిర్ఘాంతపోయింది. "అయ్యో అయ్యో! ఇదేం చోద్యమే? ఊరంతా నవ్వదూ?"

"పాప నీళ్లు ఎండకు వేడెక్కడానికత్తా! మెరిసే బిందె ఎండను వెనక్కి తోసేస్తుంది. నలుపు పట్టి ఉంచుకుంటుంది. ఎండలో నల్ల కంబళి కప్పుకుంటే వీపు చురుక్కుమనదూ?"

"కంబళీ బిందే ఒకటేనటే!" అంటూ అత్త, ఎండ ఎక్కకముందే చింతపండుతో తోమేసింది. సాయంత్రానికి బిందె వెండిలా ఉంది. నీళ్లు మంచులా ఉన్నాయి.

రెండోనాడు వరాలు మళ్లీ పూసింది. పేరిందేవి మళ్లీ తోమింది. పాపకు దగ్గు పట్టుకుంది.

మూడోనాడూ వరాలు పూసింది. తోముదామంటే చింతపండు నిండుకుంది! పేరిందేవి చింతపండు కోసం ఊరి చివర చుట్టాలింటికి వెళ్లి, ఆ కబురూ ఈ కబురూ చెప్పి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. కొంగు బిగించి మూత మీద చెయ్యి వేసింది.

చుర్రుమంది!

"అమ్మో! నిప్పెక్కడ పెట్టావే?" చింతపండు ఉండ జారిపోయింది. వంగి బిందె కింద చూసింది. చల్లని మట్టి తప్ప ఏమీ లేదు. పక్కనే తను తోమిపెట్టిన చెంబును ముట్టుకుంది. చల్లగా ఉంది. మూత తీసి, మసి అంటని చేతి వేలు నీళ్లలో ముంచింది.

గోరువెచ్చన!

ఆ నీళ్లలో పాప కాళ్లు తపతపలాడిస్తూ కేరింతలు కొట్టింది. నాయనమ్మ తన వేలికంటిన మసితోనే దాని బుగ్గన దిష్టిచుక్క పెట్టింది.

"రెండు రోజులు నీ స్నానాన్ని నేనే తోమి పారేశానే, తల్లీ!"

కాబట్టి పిల్లలూ, కంటికి నచ్చలేదని దేన్నీ తుడిచేయకూడదు. అది చేసే పని చూశాకే మంచిచెడ్డలు చెప్పాలి.