తగ్గింపు పాట

ఒక రాజ్యంలో ప్రజల కోసం ఏది కొన్నా తగ్గింపు పాటలోనే కొనేవారు. అందరికన్నా తక్కువ ధర పాడినవాడి సరుకే తీసుకోవాలి. చాటింపువాడు ఒకటోసారి, రెండోసారి అంటాడు. మూడోసారి అని సుత్తి కొట్టాడా, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చలేడు. పాట నడుస్తుండగా మాత్రం మూడోసారి అనకూడదు. అది రాజుగారి తాతలనాటి చట్టం.

ఆ ఏడు ధర్మాసుపత్రికి గొంగళ్ళు కావలసివచ్చాయి. ఒక షావుకారు లేచి ధర పాడాడు. గొర్రె ఒంటిమీది ఉన్ని కూడా రాదు ఆ ధరకి. రాజు మాత్రం మురిసిపోయాడు. ఖజానా మిగిలిందని మురిసే రాజులకు ఏ కాలంలోనూ కరువు లేదు లెండి!

"ఒకటోసారి!" అన్నాడు చాటింపువాడు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. గొంగళ్ళు నేసే ముసలమ్మ లేచి నిలబడింది. ఈ కొనుగోలు కూడా చేజారితే ఆమె పేటలో మగ్గాలన్నీ పొయ్యిలోకి పోవడమే.

"రాజా, ఆ ధరకి గొంగడి రాదు. మిగతాది ఎవరిస్తున్నారు?" అని అడిగింది.

"పాడితే పాడు, లేకపోతే కూచో," అన్నాడు రాజు.

"పాడతాను," అంది.

అని నిజంగానే పాట ఎత్తుకుంది! మగ్గం ముందు కూచుని పాడుకునే వరస.

"చౌక గొంగడి కప్పుకున్నావా, ఓ రాజా,
చలిని ఎవరికి అమ్ముకున్నావు?"

సభంతా గొల్లున నవ్వింది. "అవ్వా, పాటంటే ఆ పాట కాదే!" అని షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"రెండోసారి!" అన్నాడు చాటింపువాడు. ఆపైన నోరు కదలలేదు.

"ఏమైందిరా? మూడోసారి అను!" అన్నాడు రాజు.

"పాట నడుస్తోంది ప్రభూ. ఏ పాటో చట్టంలో చెప్పలేదు."

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? కానీ తాత చట్టం మీద దెబ్బ వేస్తే అది తిరిగొచ్చి తన కిరీటానికే తగులుతుంది. పళ్ళు నూరుకుంటూ కూచున్నాడు.

"రంగునీళ్ళు ఏట్లో కలిపి, ఓ రాజా,
దప్పిక ఎవరికి పంచావు?"

ఈసారి గుమ్మం దగ్గర కూడా ఆ వరస వినబడింది. షావుకారు మూటలు మోసుకొచ్చిన కూలీలు వాళ్ళు. అతని అద్దకం తొట్లలో మునిగి మోచేతులదాకా నీలిరంగు పట్టినవాళ్ళు.

"నోర్ముయ్యండి! నా ఉప్పు తింటూ నాకే ఎదురా?" అని షావుకారు అరిచాడు.

"ఎవరి ఉప్పు ఎవరు తింటున్నారు షావుకారూ?" అంది ఒక కూలి మనిషి.

షావుకారికి ఒళ్ళు మండిపోయింది. "అవును, వీళ్ళకి కడుపునిండా ఇవ్వలేదు! ఇస్తే మీకింత చవగ్గా ఎక్కణ్ణించి తేను ప్రభూ?" అనేశాడు.

ఆ మాటకి అందరూ కొయ్యబారిపోయారు. ముసలమ్మ కూడా పాట మరిచిపోయింది. షావుకారు మాత్రం చప్పున తేరుకున్నాడు.

"పాట ఆగింది! కొట్టరా సుత్తి!"

నిజమే, ఆగింది. చాటింపువాడు సుత్తి ఎత్తాడు. ముసలమ్మ కళ్ళు మూసుకుంది.

అతను సుత్తిని మెల్లిగా కింద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. నాలుగు వీధులకు వినబడే గొంతు అది.

"సుత్తి కొట్టిన చెయ్యి నాదే, ఓ రాజా,
దెబ్బ ఎవరికి తగిలింది?"