సగం హమ్మయ్య

రండి, రండి. ఆ వెనకున్నవాళ్ళు ముందుకి జరగండి. చంకలో సంచులున్నవాళ్ళు కింద పెట్టండి. బిడ్డల్నెత్తుకున్నవాళ్ళు ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. బుర్రలో ఇంటి ఆలోచనలున్నవాళ్ళు వాటినీ కాసేపు దించండి, ఎవరూ ఎత్తుకుపోరు. దించారా? ఆఁ. దించుకున్నవాళ్ళకే ఈ కథ బాగా వినిపిస్తుంది.

అప్పన్న స్వామికి ఒక దండం. కథలో మనిషికి ఒక దండం. వినే మీకు ఒక దండం.

అనగా అనగా ఒక కొండ. కొండకి ఇవతల సముద్రం, అవతల అడవి. సముద్రం పక్కన ఉప్పుంది, గింజ లేదు. అడవి పక్కన గింజ ఉంది, ఉప్పు లేదు. అందుకని ఇవతలి ఆడా మగా ఉప్పుగంపలు నెత్తిన పెట్టుకుని కొండెక్కేవారు, కనుమ దాటేవారు, అవతలి సంతకి పోయేవారు. ఎప్పటి మాట అంటారా? మన తాతల తాతలు పుట్టకముందటి మాట.

నెత్తిన బరువు మోసినవాళ్ళు మీలో ఉంటే వాళ్ళకి తెలుసు. గంప దించాలంటే ఇంకొకరి చెయ్యి కావాలి. మళ్ళీ ఎత్తుకోవాలన్నా ఇంకొకరి చెయ్యి కావాలి. ఒంటరిగా ఎలాగో దించేశామనుకోండి, బరువు నేల మీద, మనిషి దాని పక్కన, ఇక అంతే సంగతులు. ఇంకోటి కూడా ఉంది. గంప నెత్తినుండగా మెడ తిప్పకూడదు. తిప్పితే ఉప్పంతా దారిపాలు. అందుకని మోసేవాళ్ళు చూసే లోకమంతా ముందు నడిచేవాళ్ళ మడమలే.

ఆ కనుమ మలుపులో దాలయ్య అని ఒకడుండేవాడు. ఒకప్పుడు తాటిచెట్లెక్కిన మనిషి. చెట్టు మీంచి పడితే ఒక కాలు చచ్చుబడింది. బరువు మోయలేడు. నడవాలంటే కర్ర కావాలి. కానీ చేతులు బాగానే ఉన్నాయి కదా! రోజూ పొద్దున్నే కర్ర పోటేసుకుంటూ కొండెక్కి, మలుపులో ఉన్న రాయికి నడుం ఆనించి నిలబడేవాడు. గంప కనిపించిందంటే రెండు చేతులూ చాచేవాడు.

"దించు తల్లీ, దించు. గాలి తగలనీ. హమ్మయ్య అను."

దించేవాడు. వాళ్ళు కూర్చునేవారు. కాసేపయ్యాక తనే మళ్ళీ ఎత్తి నెత్తిన పెట్టేవాడు. దీనికి కూలి ఏమిటయ్యా అంటే, ఆ ఒక్క మాటే. హమ్మయ్య అనకపోతే గంప ఎత్తేవాడు కాదు. ఒకసారి ఒక లావుపాటి ఉప్పుబేరగాడు ఏదో మొక్కుబడికి అన్నాడు.

"అది గొంతులోంచొచ్చింది బాబూ, కడుపులోంచి రావాల," అన్నాడు దాలయ్య.

"నా కడుపులోంచి రావాలంటే సాయంత్రమవుతుందిరా!" అన్నాడు బేరగాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులో నిజం హమ్మయ్య వచ్చేసింది. దాలయ్య గంప ఎత్తేశాడు.

"ఈ మాట మీద నీకెందుకింత మోజు?" అని అడిగితే ఏం చెప్పేవాడో తెలుసా?

"అందులో అమ్మ ఉంది, అయ్య ఉన్నాడు. బరువు పట్టుకున్నోళ్ళకి దండం పెట్టడానికి చేతులు కాళీ ఉండవు గదా. ఆళ్ళకి ఆ మాటే దండం. దేవుడికి చేరిపోద్ది."

మరి దాలయ్యకి పెళ్ళాం ఉంది. పేరు నూకాలు. ఆవిడా ఉప్పుగంప మోసేదే. ఆ దారిలో అందరికంటే పెద్ద గంప నూకాలుది. అందరికంటే ముందు నడిచేదీ నూకాలే. సంతలో చింతచెట్టు నీడ మొదట వెళ్ళినవాళ్ళది. నీడలో కూర్చున్నవాళ్ళ ఉప్పు ముందు చెల్లుతుంది. నూకాలుకి ఆ నీడ కావాలి. ఎందుకంటే కిందటేటి గాలివానకి వాళ్ళ తాటాకుల కప్పు లేచిపోయింది. కాలు చచ్చుబడిన మొగుడితో ఆ రాత్రంతా వానలో తడుస్తూ కూర్చుంది. మళ్ళీ తాటాకే కప్పారు. కానీ ఆ రోజు నుంచి నూకాలు మనసులో ఒకటే మాట: పెంకులు వెయ్యాలి, పెంకులు వెయ్యాలి, పెంకులు వెయ్యాలి.

చెడ్డదా నూకాలు? కాదమ్మా. మొగుడి మీద ప్రేమంతా కాళ్ళలో పెట్టుకుని నడిచింది.

ఒక ఎండాకాలం పొద్దున నూకాలు మలుపు దగ్గరికొచ్చింది. దాలయ్య చేతులు చాచాడు.

"దించు నూకాలూ, దించు. సముద్రపు గాలి ఇంతదాకా వచ్చిందే ఇవాళ. జీడిమామిడి పూత వాసన మోసుకొచ్చింది. గాలి తగలనీ. హమ్మయ్య అను."

"తిరుగుదారిలో మావా, తిరుగుదారిలో," అంది నూకాలు. ఆగలేదు.

తిరుగుదారిలో గాలి పడిపోయింది.

తొలకరి పడింది. కొండ కొత్త వాసనేస్తోంది. నూకాలు మలుపు దగ్గరికొచ్చింది. దాలయ్య అరచెయ్యి ముందుకి చాచాడు. అందులో ఎర్రటి ఆరుద్ర పురుగు పాకుతోంది, కుంకుమ చుక్కకి కాళ్ళొచ్చినట్టు.

"దించు నూకాలూ, దించు. దీన్ని సూసి ఎల్లు. పట్టుచీరలాగుందే ముట్టుకుంటే! గాలి తగలనీ. హమ్మయ్య అను."

"పురుగుని సూడ్డానికి గంప దించమంటావా? తిరుగుదారిలో మావా, తిరుగుదారిలో."

తిరుగుదారిలో పురుగు మట్టిలోకి పోయింది.

చలికాలం వచ్చింది. రాయి మీద లేత ఎండ పడుతోంది. నూకాలు మలుపు దగ్గరికొచ్చింది.

"దించు నూకాలూ, దించు. ఇక్కణ్ణించి మన ఇల్లు కనపడతంది, తెలుసా నీకు? కప్పు మీద మన ఆనపపాదు పూసింది. తెల్లగా, ఎవరో పేలాలు జల్లినట్టు. ఎండెక్కితే ముడుసుకుపోతాయి. ఇప్పుడే సూడాల. గాలి తగలనీ. హమ్మయ్య అను."

వెనక నుంచి బంగారమ్మ నవ్వింది. నూకాలుకి ఈడుజోడు నేస్తం, నోరు మాత్రం కత్తి. "ఊరందరి బరువూ దించుతాడే నీ మొగుడు! నీ ఒక్కదాని బరువే ఆయనకి చేతకావట్లేదు!"

"ఇంటి కప్పు ఇంటికెల్తే కనపడదేటి?" అంది నూకాలు. "తిరుగుదారిలో మావా, తిరుగుదారిలో."

ఆ రోజు తిరుగుదారిలో నూకాలు నిజంగానే ఆగింది, కాసేపు. "ఆగమన్నావు గదా, ఆగేను. ఏటి సూడాల?"

దాలయ్య కిందికి చూశాడు. పువ్వులన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. పెంకుల కోసం డబ్బు దాచేది కదా, పూటకి సరిపడా గింజలే కొంగున కట్టుకొచ్చేది. ఆవిడ నెత్తి మీది ఖాళీగంప వైపు చూశాడు. నవ్వాడు.

"తిరుగుదారిలో బరువేదే దించడానికి? కాళీగంపకి హమ్మయ్య రాదే పిచ్చిదానా. ఊళ్ళో అందరి నోటా ఇన్నాను. నీ నోటంట ఒక్కసారి ఇంటే సాలు."

"పెంకులేసిన రోజున అంటాను, పో!" అని నవ్వుతూ దిగిపోయింది నూకాలు.

వింటున్నారా? ఒక్కసారి వింటే చాలన్నాడు. దాలయ్య ఆవిణ్ణి ఇంకేమీ అడగలేదు.

తరవాత కొన్నాళ్ళకి ఒక పొద్దున నూకాలు అందరికంటే ముందు మలుపు దగ్గరికొచ్చింది. దాలయ్య నిలబడి లేడు. రాయికి జారబడి కూర్చుని ఉన్నాడు. పిలవలేదు. దించు అనలేదు. నూకాలు మెడ తిప్పలేదు, తిప్పడానికి లేదు. కంటి కొసన మాత్రం చెయ్యి ఒకటి కొంచెం లేచినట్టు, మళ్ళీ పడినట్టు కనిపించింది.

'ఎల్లు ఎల్లు అంటన్నాడు,' అనుకుంది. 'అలిగేడు కాబోలు. పోనీ, ఇన్నాళ్ళకి నా తొందర తెలిసింది.'

వెళ్ళిపోయింది.

ఆ రోజు చింతచెట్టు నీడ నూకాలుదే. ఉప్పంతా చెల్లిపోయింది. పెంకుల కుమ్మరితో బేరం కుదిరింది. ఇంక చూసుకోండి ఆవిడ సంబరం! ఖాళీగంప చంకన పెట్టుకుని పరుగులాంటి నడకతో వస్తోంది. 'ఇవాళ ఆగుతాను. కూకుంటాను. పెంకుల మాట సెప్పి, హమ్మయ్య అని గట్టిగా అంటాను. కొండ దద్దరిల్లాల.' మలుపు వచ్చేదాకా అదే మాట మనసులో తిప్పుకుంటూ వచ్చింది.

మలుపులో జనం నిలబడి ఉన్నారు. గంపలన్నీ కింద ఉన్నాయి. ఎవరూ సంతకి వెళ్ళలేదు.

బంగారమ్మ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ నోట్లో ఆ రోజు కత్తి లేదు. "నీ ఎనకాలే వచ్చేమే నూకాలూ. అప్పటికే అయిపోయింది. ఒళ్ళు మాత్రం అప్పటికింకా ఎచ్చగానే ఉంది."

దాలయ్య పక్కన ఆకుదొప్పలో రేగుపళ్ళున్నాయి. ఎగిరిపోకుండా పైన చిన్న రాయి పెట్టి ఉంది.

చెయ్యి లేచింది కదా. అది వెళ్ళు అనడమా, రా అనడమా? నూకాలు అడిగింది. బంగారమ్మని అడిగింది. రాయిని అడిగింది. పైనున్న స్వామిని అడిగింది.

దాలయ్యని పాడె మీద కిందికి మోశారు. సగం దారిలో పాడె దించే ఆచారం మీకు తెలుసు కదా, దింపుడు కళ్ళం అంటాం. అక్కడ దించి, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలన్నా ఉంటే పలుకుతుందని ఆశ. వాళ్ళకి పిల్లల్లేరు. ఊరిపెద్ద నూకాలు వైపు తిరిగి, "నువ్వే పిలువమ్మా," అన్నాడు.

నూకాలు వంగింది. "మావా," అంది. "ఆగేను మావా," అంది. మూడోసారి ఏమందో ఎవరికీ వినపడలేదు.

ఊరందరి బరువూ దించినవాణ్ణి ఆ రోజు ఊరే దించింది. హమ్మయ్య అనడానికి ఆయనలో ఊపిరి లేదు.

దినాలయ్యాయి. నూకాలు మళ్ళీ గంప ఎత్తుకుంది. మలుపు దగ్గరికొచ్చి, ఈసారి ఎవరూ పిలవకుండానే ఆగింది. చాచిన చేతుల్లేవు. దించుకోలేదు, ముందుకీ పోలేదు. నెత్తిన గంపతో అలాగే నిలబడింది. వెనక నుంచి బంగారమ్మ వచ్చి, తన గంప ఇంకొకరి చేత దింపించుకుని, నూకాలు గంపకి చెయ్యి వేసింది.

దాలయ్య నడుం ఆనించే రాయి మీదే నూకాలు కూర్చుంది. మెడ తిప్పింది. ఇన్నేళ్ళ నడకలో ఆ చోట మెడ తిప్పడం అదే మొదలు. కింద సముద్రం ఉంది. సముద్రం పక్కన ఊరుంది. ఊరి కొసన తన గుడిసె ఉంది. కప్పు మీద ఆనపపువ్వులు, తెల్లగా, ఎవరో పేలాలు జల్లినట్టు. గాలి వచ్చి చెమట మీద తగిలింది.

"హమ్మ…" అంది నూకాలు.

అంతే. మిగతా సగం రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. పక్కన కూర్చున్న బంగారమ్మ ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, మెల్లిగా, "…య్య," అంది.

అలా ఇద్దరూ కలిసి ఒక మాట పూర్తి చేశారు.

మర్నాడు నూకాలు కుమ్మరి దగ్గరికి పోయి పెంకులు వద్దని చెప్పింది. రాళ్ళు కొట్టేవాళ్ళ దగ్గరికి పోయింది. "రెండు నిలువు రాళ్ళు, వాటి మీద ఒక అడ్డరాయి కావాల. ఎవరి సాయం నేకుండా గంప దాని మీదకి జరుపుకోవాల, మళ్ళీ నెత్తి మీదకి జరుపుకోవాల."

"ఎంత ఎత్తుండాలమ్మా?" అన్నారు వాళ్ళు.

నూకాలు రెండు చేతులూ పైకి చాచి చూపించింది. "మా మావ చేతులంత ఎత్తు."

ఉప్పు మోసేవాళ్ళంతా తలో చెయ్యి వేసి ఆ రాళ్ళు కొండెక్కించారు. మలుపులో నిలబెట్టారు. దానికి దాలయ్య బండ అని పేరొచ్చింది. నూకాలు ఇంటికి పెంకులు పడలేదు. ఏటేటా తాటాకే, ఏటేటా ఆనపపాదే. గంప మొయ్యలేని వయసొచ్చాక నూకాలు ఆ బండ పక్కనే కూర్చునేది. వచ్చినవాళ్ళకి పువ్వులు చూపించేది, గాలి చూపించేది, తొలకరిలో ఎర్ర పురుగుని అరచేతిలో పెట్టి చూపించేది. కానీ పూర్తి మాట మాత్రం ఆవిడ నోట ఎప్పుడూ రాలేదట. "హమ్మ…" అని ఆగేది. దారిన పోయేవాళ్ళు "…య్య" అనేవారు.

ఇప్పుడు ఆ కనుమలో ఉప్పుగంపలు నడవవు. కానీ ఆ పక్క ఊళ్ళకి వెళ్ళి చూడండి. గడ్డిమోపుతో ఆడకూతురు ఇంటికొస్తే ఎంత ఆలస్యమైందని ఎవరూ అడగరు. ముందు మోపుకి చెయ్యి వేస్తారు. దించినవాళ్ళు ఎదురుగా నిలబడతారు. ఆవిడ "హమ్మ…" అంటుంది, వాళ్ళు "…య్య" అంటారు. ఆ మాట అక్కడ ఎవరూ ఒంటరిగా అనరు. "తిరుగుదారిలో" అన్న మాటయితే పొరపాటున కూడా నోట రానివ్వరు. ఎవరన్నా అంటే, పెద్దవాళ్ళు నోటి మీద వేలేసి, "అనకమ్మా, నూకాలు ఇంటుంది," అంటారు.

ఇదీ కథ. నేను చెప్పిందంతా మరిచిపోయినా పరవాలేదు. ఒక్క పని గుర్తుంచుకోండి. ఇంటికెళ్ళేటప్పుడు దారిలోనో గుమ్మంలోనో బరువుతో ఎవరైనా కనిపిస్తారు. ఆ బరువు కింద చెయ్యి వెయ్యండి. దించండి. దించి వెంటనే వెళ్ళిపోకండి, వాళ్ళకి గాలి తగిలేదాకా ఉండండి. రేపు ఇంకొకరికి అలాగే చెయ్యండి. అదే దాలయ్యకి దీపం.

ఏదీ, ఒక్కసారి. ఇందాక దించుకున్న బరువులు మళ్ళీ ఎత్తుకునే ముందు, నూకాలు సగం నేనంటాను, మిగతా సగం మీరందరూ అనండి. గొంతులోంచి కాదు, కడుపులోంచి.

హమ్మ…