అక్క అన్నం తినిందా

ఓబులేసుకు గర్వం పట్టుకుంది. పట్టదా మరి! ఇంటింటా మాట్లాడే పెట్టెలు వెలసిన కాలం అది. వాటికి మనుషుల్లా మాట్లాడటం నేర్పేది ఇతనే. మాటల మధ్యలో మెల్లగా సరుకు పేరు దూర్చడం కూడా ఇతనే నేర్పాడు. వినేవాళ్లకు అది అమ్మకమని తెలియకూడదు.

తీరిక దొరికితే గుట్ట మీదున్న నబీ తాత దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. తాత ఫకీరు. వచ్చిన ప్రతివాణ్ణీ "అన్నం తింటివా?" అని అడుగుతాడు. తినలేదంటే పెడతాడు. ఆయన బోధ దాదాపు అంతే.

ఆరోజు ఓబులేసు ఉండబట్టలేక, కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"తాతా, నీ మాట నా పెట్టెలకు నేర్పినా. ఏదైనా అంటగట్టేముందు 'అన్నం తింటివా?' అని అడుగుతాయి. ఇంక ఎవరూ కాదనరు. మన జనం ఆ ఒక్క మాటకే కరిగిపోతారు!"

అన్నం కలియబెడుతున్న తాత చెయ్యి ఆగింది.

"ఆ పెట్టె మీ అక్క ఇంట్లో కూడా ఉందా?"

"నేనే పెట్టించినా. నా గొంతుతోనే మాట్లాడుతుంది. ఆమె బయటికి పోతే ఆ పెట్టె ఆమె ఫోనుకు కూడా చేస్తుంది. నాకెక్కడ తీరుతుంది తాతా?"

ఆ అక్క, చౌడమ్మ, తల్లి పోయాక బడి మానేసి, పామిడిలో నైటీలు కుట్టి వీణ్ణి చదివించింది. వీడు ఆమెతో స్వయంగా మాట్లాడి ఎన్నాళ్లయిందో వీడికే గుర్తులేదు. సిగ్గుండాలి మనిషన్నాక!

"ఇప్పుడు నువ్వే ఫోన్ చెయ్యి," అన్నాడు తాత. "అన్నం తినిందేమో అడుగు. నాకూ వినపడనీ."

అవతల కుట్టుమిషను చప్పుడు.

"అక్కా, అన్నం తింటివా?"

మిషను ఆగలేదు.

"తింటి నాయనా. ఈరోజు ఏం కొనమంటావు?"

ఓబులేసు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"అక్కా, పెట్టె కాదక్కా! నేను, ఓబులేసును. నిజంగానే అడుగుతుండా."

"రోజూ అట్లే అంటావులే," అంది ఆమె, కోపమేమీ లేకుండా. 'పెట్టె కాదు, నేనే' అనడం కూడా పెట్టెకు వాడు నేర్పిందే. "మొన్న నువ్వు కొనిపించిన మోకాళ్ల నూనె ఇంకా మూతే తీయలేదు. అయినా ఏదో ఒకటి పంపు. కొంటానంటే ఇంకాసేపు మాట్లాడతావు కదా."

వాడు ఫోను నేల మీద పెట్టేశాడు. కాసేపు చూసి ఆమే ఫోను పెట్టేసింది.

ఓబులేసు మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. తాత ఓదార్చలేదు.

ఏడుపు ఆపుకుని ఓబులేసే అడిగాడు. "ఏం చేసేది తాతా? నా మాట నమ్మదే!"

పొయ్యి మీద అన్నం ఉడికింది. కమ్మటి వాసన వస్తోంది. ఎవరినీ పస్తుతో పంపని తాత, ఆరోజు దాని మీద మూత పెట్టేశాడు.

"పామిడికి పో," అన్నాడు. "పెట్టెకు ఆకలి వెయ్యదు. నువ్వు ఆకలితోనే పో."