పనస దుంగ మీద ఎర్ర గీత

సోమలింగాచారి దగ్గర వీణల పని నేర్చుకోవాలని వెళ్లినవాళ్లు ముందు నేర్చుకునేది ఓపిక. ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పడు, పని చెబుతాడు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉంటుంది. అది దొరకనివాడికి పనైనా వస్తుంది కదా, అదీ లాభమే అనేవాడు.

ఒక ఉదయం, ఉన్న ఇద్దరు శిష్యుల్లో ఒకడైన గౌరీశు వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. అతను నోరు విప్పడమే అరుదు. "గురువుగారూ, నాకూ పైడిరాజుకీ కుదరదండి. ఒక్క మాట మీద నిలబడనివాడితో కలిసి ఎలా పని చెయ్యమంటారు? మా ఇద్దరిలో ఎవరో ఒకర్ని పంపించెయ్యండి" అన్నాడు.

ఆ కోపానికి కారణం ఉంది. ఆ ఇంట్లో వీణకి నాదమిచ్చే గుండ్రటి కుండా, పొడుగాటి దండీ ఒకే పనస దుంగలోంచి రావాలి. అతుకు పెట్టిన వీణ ఎంత బాగా పలికినా గడప దాటించరు. కిందటి వారం ఇంకో దుంగ దగ్గర పైడిరాజు ఒకచోట చెయ్యి పెట్టి, "ఇక్కడికి కోసేద్దాం" అన్నాడు. గౌరీశు కోసేశాడు. అప్పటికి పైడిరాజు, "కాదు కాదు, ఇంకో జానెడు ఉంచుదాం" అంటున్నాడు. ఏళ్ల తరబడి ఆరిన దుంగ పొడవు చాలక, పీటలు చేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఇప్పుడు ఆరిన దుంగ ఇంకొక్కటే మిగిలింది. గురువుగారికి వయసు మీదపడింది, రంపం పట్టలేరు. ఈ ఇద్దరూ విడిపోతే ఆ పని ఆయనతోనే ఆగిపోతుంది. ఆ సంగతి గౌరీశుకీ తెలుసు. తెలిసే ఆ ఆఖరి మాట అన్నాడు.

గురువు పైడిరాజుని పిలిచి, ఎర్రటి జాజు పూసిన దారం ఇద్దరికీ ఇచ్చాడు. "చెరో కొసా పట్టుకుని, కుండ ఎక్కడ మొదలవాలో గీత వెయ్యండి. గీత పడేదాకా ఎవరూ రంపం ముట్టుకోకూడదు" అని పక్కనే కూర్చున్నాడు.

పైడిరాజు అందుకున్నాడు. "ఇక్కడ పెడదాం. వద్దొద్దు, ఇటు వస్తే కుండ బాగుంటాది. ఉండుండు, దండి పొడుగు చూసుకోవాల గదా..." నోరు ఆగితే బుర్ర కూడా ఆగిపోతుందేమో అన్నట్టు దారం అటూ ఇటూ జరుపుతూనే ఉన్నాడు. గౌరీశు మొహం గంటు పెట్టుకుని అతను చెప్పినచోటికల్లా తన కొస మార్చాడు. చివరికి పైడిరాజు ఒకచోట ఆగి, "ఇక్కడే. ఏటంటావు?" అన్నాడు.

గౌరీశు ఏమీ అనలేదు. పైడిరాజు గీత పడేలా లాగి వదలడానికి దారం పైకెత్తాడు.

"గౌరీశూ, అక్కడ కుండ తొలిస్తే ఏమవుతుంది?" అని అడిగాడు గురువు.

"పగిలిపోద్దండి. కొమ్మ పుట్టినచోటు అది, లోపల ముడి ఉంది. పొద్దున్నే చూశాను."

పైడిరాజు దారం చెక్కకి తగలకుండా పక్కకి తీసేశాడు. "మరి చెప్పవేటిరా నాయనా! నువ్వు ఊరుకుంటే సరేనన్నావనుకుంటాను గదా!"

"నువ్వు ఇక్కడే అంటే తేల్చేశావనుకుంటాను కదా!"

"తేల్చడమేటి? పైకి అనుకుంటేనే గానీ నాకు తోచదురా! ఆవేళా అనుకుంటనే ఉన్నాను, నువ్వు కోసేశావు!"

గౌరీశు మొహం పాలిపోయింది. ఆవేళ కూడా, ఇక్కడ కోస్తే పొడవు చాలదని అతనికి తోచింది. తోచిందని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ మాట నెమ్మదిగా పైకి అన్నాడు. పైడిరాజు కోప్పడతాడనుకున్నాడు. అతను దుంగ కింద చెయ్యి పెట్టి, "పట్టరా, ముడి తగలకుండా పక్కకి తిప్పుదాం" అన్నాడు.

తర్వాత ఇద్దరూ కలిసి దుంగని పక్కకి దొర్లించారు. పైడిరాజు మళ్లీ మాటలు మొదలెట్టాడు గానీ, ప్రతి మాటకీ ఆగి గౌరీశు మొహంలోకి చూస్తున్నాడు. గౌరీశు రెండుసార్లు "ఆగు" అన్నాడు. మూడోసారి "ఊఁ" అన్నాడు. చెక్క మీద ఎర్ర గీత తిన్నగా పడింది.

గౌరీశు దారం చుట్టబెడుతూ, "నేనడిగినదానికి మీరింకా ఏమీ చెప్పలేదండి" అన్నాడు.

గురువు నవ్వాడు. "వాడు ఆలోచిస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. నువ్వు ఆలోచిస్తే పక్కవాడికి కూడా వినిపించదు. మీలో ఎవర్ని పంపించనురా?"