గాల్లో ఆగిన పులి

విరోధి నామ సంవత్సరం, మాఘ శుద్ధ దశమి, బుధవారం. పొద్దున పొగమంచు, మధ్యాహ్నానికి చురుక్కుమనే ఎండ. ఆ రోజున కొమరవోలు అనే ఒక చిన్న రాజ్యంలో పాట చచ్చినంత పనైంది.

పాడేవాళ్లు ఎక్కడైనా ఉంటారు, వినేవాళ్లు మాత్రం కొమరవోల్లోనే ఉంటారని పేరు. అక్కడ పాటలో మంచి సంగతి ఒకటి పడితే వక్క నమిలే వర్తకుడు సైతం నమలడం ఆపేవాడట. వాళ్ల వక్కల సంగతి చెబితే అదో పెద్ద కథ. అది ఉండనివ్వండి.

రాజు వీరమల్ల భూపతికి మాత్రం ఆ వినికిడి అబ్బలేదు. అంతకు ముందు వారం ఆస్థాన గాయని శేషమాంబ ఊపిరి కోసం క్షణం ఆగితే, పాట అయిపోయిందనుకుని "భళా!" అంటూ లేచి నిలబడ్డాడు. సభలో ముసిముసి నవ్వులు. రాజుకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే దండోరా వేయించాడు: "కొలువులో ఎవరు ఏం వినిపించినా జనం బొమ్మల్లా వినాలి. తల ఊపినా, తాళం వేసినా, నోరు మెదిపినా దేశబహిష్కారం!"

బుధవారం శేషమాంబ తోడి రాగం ఎత్తుకుంది. ఎదురుగా రెండువందల మంది, చేతులు ఒళ్లో, చూపులు నేలమీద. రాగం నాలుగు మెట్లు ఎక్కి, తోడు దొరక్క దిగివచ్చింది. అరగంటకు ఆమె ఆపేసింది.

"గొంతు పోయింది. రేపటినుంచి ఆస్థానంలో నీకు చోటు లేదు" అన్నాడు రాజు.

"గొంతు ఎక్కడికీ పోలేదు ప్రభూ. దానికి దారి చూపే ముఖాలే పోయాయి" అంది ఆమె, తల దించకుండానే.

హాస్యగాడు అంకన్న ఆ సభలోనే ఉన్నాడు. ఊయలనాటి నుంచి ఆ పాట విని పెరిగినవాడు. బతిమాలితే రాజు మరింత బిగుస్తాడని అతనికి తెలుసు. ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"పాట చెడింది, పోనివ్వండి ప్రభూ. తమ పెద్దపులి వేట కథ సెలవివ్వండి. సభ తేరుకుంటుంది."

రాజుకు అంతకన్నా ఏం కావాలి? మీసం దువ్వాడు.

"అడవిలో అడుగుపెట్టానా..." అని ఆగాడు. మన దేశంలో కథ చెప్పే ప్రతివాడూ అక్కడ 'ఊ' కోసం ఆగుతాడు. ఊ రాలేదు.

"పొద గలగలమందా..." ఊహూఁ, ఉలుకూ పలుకూ లేదు.

పులి లంఘించే చోటికి వచ్చేసరికి ముందు ఈటె విసిరాడో, కత్తి దూశాడో రాజుకే గుర్తురాలేదు. నుదుట చెమట పట్టింది.

"ఒరే అంకన్నా! ఊ కొట్టరేంరా? గోడలకు చెబుతున్నానా?"

"తమ ఆజ్ఞే కదా ప్రభూ! బొమ్మల్లా వింటున్నాం."

"ఊ కొట్టకపోతే కథెలా నడుస్తుందిరా?"

"నాలుగు మాటలకే తమ పులి గాల్లో ఆగిపోయింది. శేషమాంబగారు అరగంట ఈదుకొచ్చారు. ఇంతకీ గొంతు పోయింది ఎవరికంటారు?"

రాజు ముక్కు ఎర్రబడింది. తర్వాత పొట్ట కదిలింది. ఆ తర్వాత ఆ నవ్వుకు కొలువంతా దద్దరిల్లింది.

"ఓరి నీ అఘాయిత్యం! నా వలలో నన్నే పట్టావు కదరా!" అంటూ గద్దె దిగి శేషమాంబ దగ్గరికి వెళ్లాడు. "పాడు తల్లీ. భళా ఎక్కడ అనాలో నాకు తెలీదు. ముందు నా జనం అంటారు, వెనక నేనంటాను."

దీపాల వేళ దాకా ఆమె పాడింది. ఆ తోడి విన్నవాళ్లు బతికినన్నాళ్లూ రొమ్ము విరుచుకునే తిరిగారు.

అంకన్నకు రాజు తన పట్టుశాలువా, ఏటి ఒడ్డున మామిడితోట ఇచ్చాడు. కాలం తీరాక శేషమాంబ చోటు, తంబుర మేనకోడలికి వచ్చాయి. అంకన్న తోట పెద్దకొడుక్కీ, శాలువా కూతురికీ చెందాయి. పాట మధ్యలో లేచి వెళ్లే చిన్నకొడుక్కి మాత్రం చిల్లిగవ్వ కూడా దక్కలేదు.