గవరమ్మవ్వ దాచిన కంద

"ఎవడ్రా నా దొండపాదు పీకింది?"

ఆ కేక బొరియల వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినిపించింది. ఉసిరికోన అడవిలో కుందేళ్లు, అడవిపందులు, ముళ్లపందులు అన్నీ ఆ వీధిలోనే కాపురం ఉండేవి. ప్రతి బొరియకూ వెనక చిన్న పెరడు ఉండేది. కేక వేసింది ముళ్లపంది గవరమ్మవ్వ.

ఆమె పెరట్లో అడవిపంది కోరన్న నిలబడి ఉన్నాడు. నోట్లో ఎండుతీగ వేలాడుతోంది. కోరన్న వీధికి పెద్ద. కోరలెంత పొడుగో పొగరూ అంతే!

"అరవకు అవ్వా, ఎండిపోయిన చెత్త ఇది. తొలకరి పడగానే వీధంతా తోటకూర చల్లుదాం. ఇరవై రోజుల్లో కూర! నీ దొండ, నీ కంద ఎప్పుడు పెరగాలి, మేమెప్పుడు తినాలి?"

"ఎండింది తీగరా నాయనా, వేరు కాదు. ఒక్కసారి నాటితే ఏళ్ల తరబడి కాసే పాదది."

"చచ్చినదాని తరఫున మాట్లాడుతోంది ముసలిది!" అన్నాడు కోరన్న. వీధంతా నవ్వింది. పక్కింటి కుందేలు చెవులక్క అందరికంటే గట్టిగా నవ్వి, తన దొండపాదును తానే పీకి పారేసింది.

ఆ వీధిలో పాత మాట ఒకటుంది: కన్ను మట్టికి, కండ కడుపుకి. కంద నడినెత్తిన మొలక లేచే చోటే కన్ను. దాన్ని తిరిగి పాతాకే మిగతాది తినాలి. కోరన్నకు అదేం పట్టింది? అందరి పెరళ్లూ మోరతో దున్నేశాడు. దొరికిన కందనల్లా కన్నుతో సహా మింగాడు.

గవరమ్మవ్వ మాత్రం తన కందమడి మీద ముళ్లు విప్పుకుని కూర్చుంది. "రా, తవ్వు చూద్దాం!" అంది. కోరన్న ఆ ముళ్ల దగ్గరికి పోలేదు. అవ్వ రోజూ గిన్నెలు కడిగిన నీళ్లు, తీగ పీకేసినా వేరు మిగిలిన దొండ గుంటలో పోసేది. "శవానికి స్నానం చేయిస్తోంది" అని అందరూ ఎగతాళి చేశారు.

తొలకరి ఒక్క జల్లు కొట్టి మొహం చాటేసింది. తోటకూర రెండంగుళాలు లేచి మాడిపోయింది.

ఇక ఆకలి చూడాలి! చెవులక్క కడగొట్టు పిల్ల ఎండుకాడ చప్పరిస్తూ పడుకుంది, పొద్దున లేవలేదు. అవ్వను అడగడానికి చెవులక్కకు మొహం చెల్లలేదు మరి.

కోరన్నకూ చెల్లలేదు. "వీధి పెద్దను, నేను అడుక్కోవడమా?" అని ఊరి వేరుశనగ చేలోకి పోయాడు. కాలు ఉచ్చులో పడింది. ఏ కోరలూ ఆ ఉచ్చును తెంపలేకపోయాయి. అతని అరుపు కోనంతా వినబడింది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

చెవులక్క పిల్లను పాతుతుంటే గవరమ్మవ్వ చూసింది. గుండెలు బాదుకుంది. "నవ్వావని తిండి పెట్టననుకున్నావటే, పిచ్చిదానా?"

అప్పటికప్పుడు మడి తవ్వింది. గుమ్మడికాయలంత కందలు ఏడు బయటపడ్డాయి. పిల్లలు ఎగబడ్డారు.

"ఆగండి! ముందు కన్ను."

కన్నులు కోసి ఇంటికొకటి ఇచ్చింది. "పాతి రండి. చేతికి మట్టి అంటినవాళ్లకే విస్తరి."

ఆకలితో తూలుతూనే అందరూ వెళ్లి పాతారు. చెవులక్క తన కన్నును బిడ్డను పాతిన చోటు పక్కనే పాతింది.

కోరన్న పెళ్లాం పిల్లలతో వీధి మలుపులోనే ఆగిపోయింది. అవ్వ ఆమె చేతిలోనూ ఒక కన్ను పెట్టింది.

"మా ఆయన చేసిన పనికి..." అందామె.

"మింగింది వాడు. నీ పిల్లలు కాదుగా? పో, పాతిరా. వచ్చేసరికి పులుసు ఉడికిస్తాను."

గొంతు దురద పెట్టకుండా అవ్వ చింతపండు దండిగా వేసి కంద ఉడికించింది. పక్కన దొండ గుంటలో చిటికెన వేలంత పచ్చని మొలక తల ఎత్తి ఉంది. చెవులక్క దాన్ని చూసి తల దించుకుంది.

విస్తళ్లు పరిచారు. కోరన్న పిల్లల పక్కన చెవులక్క పిల్లలు, వాళ్ల మధ్యలో గవరమ్మవ్వ. వీధంతా కలిసి కూర్చుని తిన్నారు. ఎవరూ నవ్వలేదు.

నీతి: ఎండినట్టు కనబడినంత మాత్రాన వేరు చావదు, ఏటేటా అన్నం పెట్టేదాన్ని ఒక్క పూట గొప్ప కోసం పీకేసుకోకూడదు.